ఇందాకే వెళ్ళావుగా

ఎడారి ఊరు తుగ్గుర్త్‌లో పుట్టి పెరిగిన మబ్రూకాకు ఎత్తు అంటే ఊరి నీళ్ళ ట్యాంకు ఒక్కటే. మిగతాదంతా ఇసుక, ఖర్జూరపు తోటలు, చూపు ఆనినంత మేర చదును. అలాంటి మనిషి ముప్ఫై దాటాక మొదటిసారి కాన్‌స్టంటీన్ వచ్చింది. లోయ అంచుల మీద ఇళ్ళు, ఆ అంచుకూ ఈ అంచుకూ మధ్య వేలాడే వంతెనలు, వాటి కింద ఎక్కడో అట్టడుగున నది. షేర్ టాక్సీ దిగిన సాయంత్రమే ఆమె మోకాళ్ళు వణికాయి.

"కిందికి చూడకే," అంది జుహూర్, సంచి అందుకుంటూ. "ఇక్కడ పుట్టినవాళ్ళమే చూడం."

ఇద్దరూ బిస్క్రాలో నర్సు చదువు కలిసి చదివారు. ఒకే గది, ఒకే స్టవ్వు, చలికాలంలో ఒకే దుప్పటి. చదువయ్యాక ఎవరి ఊరి ఆసుపత్రిలో వాళ్ళు చేరారు. "రావే" అని ఒకరు, "వస్తానే" అని ఒకరు అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. మధ్యలో, రెండేళ్ళ క్రితం, జుహూర్ చెల్లెలు ఫెల్లా కనబడకుండా పోయింది. వసంతకాలంలో మంచు కమ్మిన ఒక ఉదయం, నారింజ పూలు కొనుక్కొస్తానని చేతిసంచి పట్టుకుని ఇల్లు దాటిన పిల్ల మళ్ళీ రాలేదు. ఆ పూలతో పూలనీళ్ళు కాచి ఏడాదంతా వాడుకోవడం ఆ ఇంట్లో తల్లుల నాటి నుంచీ ఉన్న పని. పూలమ్మేవాళ్ళు లోయకు అవతల, స్టేషను వైపు కూర్చుంటారు. ఫెల్లాను అక్కడ చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. పెద్ద వంతెన మీద చూశామని ఒకరిద్దరు చెబితే దాని కింద రోజుల తరబడి వెతికారు. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత జుహూర్ ఫోనులో చెల్లెలి పేరు ఎత్తేది కాదు, మబ్రూకా అడిగేదీ కాదు.

ఈసారి జుహూరే పిలిచింది. "ఒక రోజంతా ఊరు తిరుగుదాం రావే. మా ఇంట్లో మూడో గొంతు వినబడి చాలా కాలమైంది," అంది. ఆ మాటతో మబ్రూకా సెలవు పెట్టింది.

వాళ్ళ ఇల్లు సూయికాలో. పాతబస్తీ అది, లోయ అంచునే ఉంటుంది. గోడలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, పడిపోకుండా దుంగలు ఆనించి ఉంటాయి. తండ్రి ఏనాడో పోయాడు. తల్లి ఆతికా భారీ మనిషి, గంభీరమైన గొంతు. ఫెల్లా పోయిన నాటి నుంచీ ఆవిడ గడప దాటలేదు. తెల్లవారగానే కాఫీలో చిటికెడు పూలనీళ్ళు చల్లి మబ్రూకా ముందు పెట్టింది.

"పాతవే, అమ్మాయ్. సీసా అడుగున ఉన్నాయి. వాసన పోలేదులే, తాగు."

కిటికీ బయట తెల్లగా ఉంది. లోయలోంచి మంచు పైకి లేచి ఎదురింటి గోడను సైతం మింగేసింది. మబ్రూకా పలచని శాలువ కప్పుకుని వణుకుతూ కూర్చుంటే ఆతికా ఆమెను ఎగాదిగా చూసింది.

"ఎడారి పిల్లవి. ఏప్రిల్లో చలేంటి అనుకుని వచ్చావు కదూ?"

"అవును పిన్నీ. మా ఊళ్ళో ఇప్పటికే ఫ్యాన్లు తిరుగుతున్నాయి."

ఆతికా లేచి లోపలికి వెళ్ళి, బీరువా తెరిచి, ఇటుక రంగు ఉన్ని కోటు ఒకటి తెచ్చి మబ్రూకా భుజాల మీద వేసింది. రొట్టె తుంచుతున్న జుహూర్ చెయ్యి ఆగిపోయింది. అది ఎవరి కోటో మబ్రూకాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా, అది..."

"ఏంటే అది? కోటు మనుషులు తొడుక్కోవడానికి. రెండేళ్ళు చెక్క హ్యాంగరుకి తొడిగా, చాల్లే." తర్వాత గొంతు తగ్గించి, మబ్రూకా కాలరు సర్దుతూ, "ఆ రోజు ఇది మర్చిపోయి వెళ్ళింది. ఈ కిటికీలోంచే కేకేశా. ఇప్పుడే వచ్చేస్తాగా అంది. నువ్వు మాత్రం గుండీలు పెట్టుకో," అంది.

మబ్రూకా గుండీలు పెట్టుకుంది. కోటు భుజాల దగ్గర కాస్త బిగువుగా ఉంది. ఆమె ఫెల్లా కంటే పొడగరి, ఒళ్ళు చామనఛాయ. గోడ మీది ఫోటోలో ఫెల్లాది తెల్లని గుండ్రటి ముఖం.

సందు మలుపులో స్ఫెంజ్ వేసే మనిషి ఉన్నాడు. గారెల్లాగే మధ్యలో చిల్లు పెట్టి, నూనెలో పెద్దవిగా వేయించే రొట్టెలవి. అతను కిందటి ఏడే ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టాడు. వీళ్ళను చూడగానే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"ఏం తల్లీ, ఇందాకే పట్టుకెళ్ళావుగా! అప్పుడే అయిపోయాయా? ఇంత ఆకలి ఉన్నవాళ్ళని మాకు రోజుకో పదిమందిని పంపించు దేవుడా!"

"నేనా?" అంది మబ్రూకా. "నేను ఇప్పుడే ఇల్లు కదిలా, బాబాయ్."

"నువ్వు కాకపోతే నీ కోటా? రెండు కావాలన్నావు. ఒకటి మా అక్కకి, బాగా ఎర్రగా వేయించు, ఆవిడకి మెత్తగా ఉంటే నచ్చదు అన్నావు. ఎర్రగా వేశానా లేదా? అది చెప్పు ముందు."

మబ్రూకా నవ్వేసింది. జుహూర్ నవ్వలేదు. రెండు రొట్టెలు కాగితంలో చుట్టించుకుంది కానీ తినకుండా చేతిలోనే పట్టుకుని నడిచింది. అతను చెప్పినట్టే, బిస్క్రాలో ఉన్నప్పుడూ జుహూర్ రొట్టె ఎర్రగా వేగకపోతే ముట్టేది కాదు.

"వచ్చిన ప్రతివాళ్ళతోనూ అలాగే వాగుతాడు," అంది కాసేపయ్యాక. "పట్టించుకోకు."

ముందు పెద్ద వంతెనకే వెళ్ళారు. మబ్రూకా ఒక చేత్తో జుహూర్ మోచెయ్యి, మరో చేత్తో కంచె పట్టుకుని అడుగు అడుగు వేసింది. కాకులు వాళ్ళ పాదాల కింద ఎగురుతున్నాయి. పక్షుల వీపులు చూడటం ఆమెకు అదే మొదలు.

"ఇదేం ఊరే, పిట్టలు కూడా మనకంటే కిందున్నాయి!"

"కళ్ళు మూసుకోకు. కళ్ళు మూసుకున్నవాళ్ళకే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయంటారు."

"అయితే నువ్వు పుట్టగానే మూసుకుని ఉంటావు."

జుహూర్ ఈసారి నిజంగానే నవ్వింది. ఆ నవ్వు వినడానికే కదా ఇంత దూరం వచ్చాను అనుకుంది మబ్రూకా. వంతెన దాటి, కొండ మీది కమాను దాకా ఎక్కి, మళ్ళీ ఊళ్ళోకి దిగారు. మంచు ఎండకు పైపైన విచ్చుకుంటోంది గానీ లోయలో మాత్రం పాలు పోసినట్టు నిలిచే ఉంది. శనగలు ఉడకబెట్టి నూనె, జీలకర్ర, మిరపకారం వేసి ఇచ్చే కొట్లో నిలబడి గిన్నెడు గిన్నెడు తిన్నారు. తర్వాత తేనె, అక్రోటు పప్పుతో చేసే జౌజియ కొనడానికి మిఠాయి కొట్టుకు వెళ్ళారు.

కొట్లో గల్లా దగ్గర కూర్చున్నది కొత్తగా పెళ్ళయి ఎక్కడో సెతీఫ్ వైపు నుంచి వచ్చిన కోడలు. మబ్రూకాను చూడగానే ముఖం ముడుచుకుంది.

"ఇప్పుడు తీరిక దొరికిందా అక్కయ్యగారికి? ఇందాక పలకరిస్తే తల కూడా తిప్పలేదు."

"నేనా?"

"గుమ్మంలో నిలబడ్డారు. రండి కూర్చోండి అన్నాను. మా వాళ్ళకి ఏది ఇష్టమో మర్చిపోయానే అని మీలో మీరే అనుకుంటూ వెళ్ళిపోయారు. పాతకాలపు పిల్లలా చేతిలో ఖాళీ సంచి. నాకు నవ్వొచ్చింది కూడా."

మబ్రూకా చేతిలో సంచి లేదు. జుహూర్ భుజాన తోలు బ్యాగు ఉంది, అంతే. కొట్లోంచి బయటికొచ్చాక మబ్రూకా గోడకు చేరబడింది.

"జుహూర్, ఇలాంటి కోట్లు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయా?"

"ఆ బట్ట అమ్మ అన్నాబాలో కొంది. మా పక్కింటి దర్జీ కుట్టాడు. ఆ ఒక్కటే కుట్టాడు." జుహూర్ కొట్టు వైపు వెనక్కి చూసింది. "మబ్రూకా, ఆ రొట్టెలవాడికి ఫెల్లా తెలీదు. ఈ పిల్లకీ తెలీదు. వాళ్ళిద్దరూ వచ్చింది మొన్న మొన్న."

"ఎవరో ఒకరు అలాంటి కోటు వేసుకుని తిరుగుతుండొచ్చు. నాకైతే భయమేస్తోంది. ఇంటికి పోదాం పద."

జుహూర్ అప్పటికే నడక మొదలుపెట్టింది. ఆమె ఎటు నడుస్తోందో మబ్రూకాకు తెలియదు. ఆ సందుల్లో తూర్పేదో పడమరేదో కూడా తెలియదు. ఇళ్ళ మధ్య మెట్లు, మెట్ల కింద మళ్ళీ ఇళ్ళు. వెంట పడి నడవడమొక్కటే ఆమెకు తెలిసిన దారి.

ఆడవాళ్ళ స్నానాల ఇంటి ముందు తావుస్ అనే ముసలావిడ అరుగు మీద కూర్చుని తువాళ్ళు మడతపెడుతోంది. ఆ పేటలో ఆవిడ చేతుల మీదుగా స్నానం చెయ్యని పెళ్ళికూతురు లేదు. ఇటుక రంగు కోటు దగ్గరికి రాగానే ఒక్క ఉదుటున లేచి మబ్రూకా చేయి పట్టుకుని, ముఖంలోకి ముఖం పెట్టి చూసింది. చూసి, వేడి గిన్నె వదిలినట్టు వదిలేసింది.

"బిస్మిల్లా. నువ్వు కాదు."

"పిన్నీ, ఎవరనుకున్నావు?" అంది జుహూర్. ఆ గొంతులో ఏమీ లేదు.

ముసలావిడ తువాళ్ళ వైపు చూస్తూ మాట్లాడింది. "జుహూర్, నాకు పిచ్చెక్కిందని అమ్మకి చెప్పకు. ఇప్పుడే, అరుగు దిగువ నుంచి వెళ్ళింది. నేను వెనక నుంచి ఫెల్లా అన్నాను. నోరు జారింది, అనేశాను. అది తిరిగి చూసింది. అదే ముఖం. కుడి బుగ్గ మీద సొట్ట. 'పనుంది తావుస్ పిన్నీ, వచ్చేటప్పుడు ఆగుతా' అంది. అని అటు వెళ్ళింది."

ఆవిడ చెయ్యి చూపించిన వైపు మెట్లు దిగువకు పోతున్నాయి. ఆ మెట్ల చివర మంచు తప్ప ఏమీ కనబడటం లేదు.

జుహూర్ అటు పరుగెత్తబోయింది. మబ్రూకా దారికి అడ్డం నిలబడింది.

"ఆగవే. పిలిస్తే వెళ్ళకూడదే ఇలాంటివాటి వెనక. మా నాయనమ్మ చెప్పేది, ఎడారిలో పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకూడదని."

"నన్నెవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు! అది నా చెల్లెలు. నా కంటే కాస్త ముందు నడుస్తోంది. కాస్తే. నువ్వు ఇంటికి పో."

"దారి తెలుసా నాకు?"

"అయితే రా. నోరు మూసుకుని రా."

అంత కటువుగా జుహూర్ ఆమెతో ఏనాడూ మాట్లాడలేదు. మబ్రూకా నోరు మూసుకునే వెళ్ళింది. కోటు విప్పి గోడ మీద పారేద్దామా అని ఒక క్షణం అనిపించింది. విప్పితే ముందు నడిచే మనిషి ఏమవుతుందో అన్న ఆలోచన వెంటనే వచ్చి, అలాంటి ఆలోచన తనకు ఎందుకొచ్చిందా అని గుండీల మీది చెయ్యి తీసేసింది.

మెట్ల చివర, ఇంకా దిగువన, లోయ మీద కాలినడక వంతెన. దాని దగ్గరికి దింపే లిఫ్టు ఒకటుంది. లిఫ్టు నడిపే మనిషి మూతి మీద మఫ్లర్ చుట్టుకుని స్టూలు మీద కునుకుతున్నాడు. తలుపు చప్పుడుకు కళ్ళు తెరిచి, కోటును చూసి, విసుక్కున్నాడు.

"ఇదేం ఆట? ఇప్పుడే కదా దింపాను నిన్ను. మెట్లెక్కి మళ్ళీ వచ్చావా? పనీపాటా లేదా పిల్లా?"

"ఆ అమ్మాయి ఏమంది?" అని జుహూర్ అడిగింది.

"ఏ అమ్మాయి? ఈ అమ్మాయే. పూలు అయిపోతాయి, తొందరగా దింపు అంది. పూలవాళ్ళు ఇప్పుడింకా ఉంటారా, మధ్యాహ్నం కావస్తుంటే, అన్నాను. మాట్లాడలేదు. కోటు మీద మంచు చుక్కలు. ఇదిగో, నేల చూడు ఎలా తడిసిందో."

లిఫ్టు నేల మీద తడి మరక ఉంది. మబ్రూకా కోటు పొడిగా ఉంది. దిగుతున్నంతసేపూ లిఫ్టు మనిషి మబ్రూకా ముఖాన్ని, మరకను మార్చి మార్చి చూసి మఫ్లర్ ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

వంతెన మీద అడుగు పెట్టేసరికి అవతలి గట్టు లేదు. మంచులో వంతెన మొదలు ఉంది, చివర లేదు. కింద నది హోరు వినబడుతోంది గానీ అది కింద నుంచి వస్తోందో చుట్టుపక్కల నుంచి వస్తోందో చెప్పడం కష్టం. ఇనుప తాళ్ళతో వేలాడే వంతెన అది. ఎవరు నడిచినా నడక మిగతావాళ్ళ పాదాలకు తెలుస్తుంది. మబ్రూకా కంచె పట్టుకుని నిలబడ్డ చోటే బిగుసుకుపోయింది. తను కదలడం లేదు. జుహూరూ ఇంకా కదల్లేదు. అయినా అడుగున పలకలు చిన్నగా, ఒక లయలో, ఊగుతున్నాయి. ముందెవరో నడుస్తున్నారు.

"తెలుస్తోందా?" అంది జుహూర్ గుసగుసగా.

మబ్రూకా తలూపింది.

"ఫెల్లా!"

లోయ ఆ పేరును రెండుసార్లు తిప్పి పలికింది. ఊగడం ఆగిపోయింది. ముందున్నవాళ్ళు నిలబడ్డారు. మంచు కాస్త పలచబడినప్పుడు ఇటుక రంగు వీపు ఒకటి, చేతిలో వేలాడే సంచి ఒకటి, నీళ్ళలో చూసినట్టు కనబడ్డాయి. మళ్ళీ కనబడలేదు.

"అక్కా," అంది మంచులోంచి ఒక గొంతు. విసుగుగా, గారాబంగా, ఇంట్లో ఒక గదిలోంచి మరో గదిలోకి మాట్లాడినట్టు. "నువ్వెందుకొచ్చావు? ఇంటికెళ్ళు. నేనొచ్చేస్తున్నాగా."

మబ్రూకా ఆ గొంతును ఎరుగును. బిస్క్రాలో జుహూర్ స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఫోను మోగేది. "అక్కని పిలవవా, ఒక్క మాటే" అనేది ఈ గొంతే. ఆ ఒక్క మాట గంటసేపు సాగేది.

జుహూర్ పరుగు తీసింది. ఎత్తంటే ప్రాణం పోయే మబ్రూకా ఆ క్షణంలో కంచె వదిలేసి, ఆమె వెనక పరుగెత్తి, నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, ఇద్దరూ పలకల మీద పడేటట్టు లాగేసింది. జుహూర్ మోచేతులతో పొడిచింది, జుట్టు పట్టుకుంది.

"వదులే! వెళ్ళిపోతోందే! వదులు!"

"వదలను. నన్ను చంపెయ్, వదలను."

"నీకేం తెలుసు? నీకు చెల్లెలుందా?"

"లేదు. నువ్వున్నావు. వదలను."

పలకలు మళ్ళీ ఊగసాగాయి. ముందున్న మనిషి నడుస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పడి ఉండి, వీపులతో, అరిచేతులతో ఆ నడకను వింటున్నారు. మధ్య దాకా వెళ్ళి ఉంటుంది. అక్కడ నడక ఆగింది. మెల్లగా తగ్గడం కాదు, ఒక్కసారిగా లేకుండా పోయింది. ఆ తర్వాత ఇనుప తాడు ఒకటి ఖంగుమని మోగి ఊరుకుంది.

ఎంతసేపు అలా ఉన్నారో. అవతలి నుంచి కొత్త అడుగులు వినబడ్డాయి. బరువైనవి, మామూలువి. మంచులోంచి ఒక నడివయసు మనిషి, తలమీద బోర్లించిన ఖాళీ బుట్టలతో, బయటికొచ్చాడు. నారింజ పూల వాసన అతనితో పాటే వచ్చింది.

"అయ్యయ్యో, ఏమైందమ్మా? జారిపడ్డారా?"

"మీకు ఎదురుగా ఎవరైనా వచ్చారా?" అని మబ్రూకా అడిగింది. "ఇలాంటి కోటుతో?"

"ఈ మంచులో ఎవరొస్తారు తల్లీ? ఆ చివర నుంచి ఈ చివర దాకా నేనొక్కణ్ణే." అతను జుహూర్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ పాపకి బాగోలేనట్టుంది. లేవండి, చెయ్యి ఇవ్వండి."

అతని ఆసరాతో జుహూర్ లేచింది. అతన్ని, మబ్రూకాను పక్కకు తప్పించి, నడక ఆగిన చోటుకు, వంతెన మధ్యకు, నింపాదిగా నడిచి వెళ్ళింది. మబ్రూకా కోటు బెల్టు విప్పి జుహూర్ నడుముకు చుట్టి, రెండు కొసలూ చేతికి మెలిపెట్టుకుని వెంటే నడిచింది. జుహూర్ కంచె మీంచి కిందికి చూసింది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు చూడరు అన్న మనిషి చాలాసేపు చూసింది. మంచు ఒకచోట చీలింది. రాతి గోడకు అడ్డంగా పెరిగిన అత్తి చెట్టు ఒకటి, దాని మీద కాకులు.

"మేం పెద్ద వంతెన కిందే వెతికాం," అంది. "ఇక్కడెవరూ వెతకలేదు."

మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఏమీ దాచకుండా ఆతికాకు చెప్పారు. ఎలా చెప్పాలో తెలియక మబ్రూకా మధ్యమధ్య ఆగితే జుహూర్ అందుకుంది. ఆవిడ నమ్మలేదనీ అనలేదు, నమ్మాననీ అనలేదు. చేతిలో పప్పు చేట అలాగే పట్టుకుని వింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"కోటు వేసుకుందా?"

"వేసుకుందమ్మా."

"ఆ రోజు లేదు దానికి," అంది ఆతికా. "చలికి వణుకుతూ పోయిందే అనుకునేదాన్ని ప్రతి రాత్రీ." చేట కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నా నల్ల ముసుగు ఎక్కడుందో చూడవే," అంది.

రెండేళ్ళ తర్వాత ఆవిడ గడప దాటడం చూసి సందులో ఆడవాళ్ళు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. లోయలో దిగి వెతికే సహాయ దళం కార్యాలయంలో బల్ల వెనక కూర్చున్న అధికారి మర్యాదస్తుడే. నీళ్ళిచ్చాడు, కుర్చీలిచ్చాడు. చివరికి అడగాల్సింది అడిగాడు.

"అమ్మా, ఇన్నాళ్ళ తర్వాత అక్కడే ఉందని ఎవరు చెప్పారు? ఎవరు చూశారు?"

జుహూర్ ఏదో చెప్పబోతే ఆతికా అడ్డం వచ్చింది.

"నేను చూశాను," అంది ఆతికా.

"మీరు ఇల్లు కదలరని విన్నానే."

"నాయనా, నీకు తల్లి ఉందా?"

"ఉందమ్మా."

"అయితే ఆవిణ్ణి అడుగు, ఇల్లు కదలకుండా ఏమేం కనబడతాయో. ఈలోగా తాళ్ళు సిద్ధం చేయించు."

మర్నాడు మంచు విడిపోయాక తాళ్ళు కట్టుకుని మనుషులు దిగారు. వంతెన మీద జనం. అత్తి చెట్టు వెనక రాయిలో చిన్న అరుగు లాంటిది ఉంది, పై నుంచి కొమ్మలే తప్ప ఏమీ కనబడని చోటు. అక్కడ దొరికింది. ఎలా పడిందో ఎవరికీ తెలియలేదు. మంచులో కంచె మీంచి వంగిందో, కళ్ళు తిరిగాయో, దేవుడికెరుక. బట్టలను బట్టి, జుట్టుకున్న, ఎముకతో చేసిన క్లిప్పును బట్టి జుహూర్ గుర్తుపట్టింది. తల్లిని దగ్గరికి రానివ్వలేదు.

ఖననం రోజున సూయికా అంతా వచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళు గోడ నుంచి గోడకు కూర్చున్నారు. తావుస్ పిన్ని అందరికీ నీళ్ళు అందిస్తూ, వాకిట్లో చెప్పులు సర్దుతూ తిరిగింది. స్ఫెంజ్ వేసే మనిషి పళ్ళెం నిండా వేడి రొట్టెలు పంపించాడు, తను మాత్రం గుమ్మం దాకా కూడా రాలేదు. ఆతికా మొదట ఏడవలేదు. ఎవరో దూరపు బంధువు "ఎంత చక్కని పిల్ల" అన్నప్పుడు, "చక్కనిదేం కాదు, మొండిది, పెంకిది, చెప్పిన మాట ఒక్కటీ వినలేదు" అని మొదలుపెట్టి, మధ్యలో భోరుమంది. రెండేళ్ళ ఏడుపు ఆ సాయంత్రమంతా ఏడ్చింది. మబ్రూకా సెలవు పొడిగించి పక్కనే కూర్చుంది. వెళ్ళేనాడు జుహూర్ టాక్సీ స్టాండు దాకా వచ్చింది. మోచేతి దెబ్బ తగిలిన చోట మబ్రూకా దవడ ఇంకా పసుపుపచ్చగానే ఉంది. జుహూర్ దాన్ని వేలితో తాకి చూసింది.

"నర్సమ్మా, దీనికి మందు రాసుకున్నావా?"

"రోగి కొడితే మందు రాసుకోకూడదని నీకు చెప్పలేదా మన టీచరు?"

ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు. డ్రైవరు హారను కొట్టాడు.

ఆ వేసవిలో తల్లీకూతుళ్ళు సూయికా వదిలేశారు. గోడలు కూలేలా ఉన్నాయని ప్రభుత్వం వాళ్ళకు నగరానికి దూరంగా కట్టిన కొత్త ఊళ్ళో ఫ్లాటు ఎప్పుడో ఇచ్చిందట. ఈ సంగతి మబ్రూకాకు ఫోనులో అప్పుడే తెలిసింది. ఆతికాయే ఇన్నాళ్ళూ కదలనని కూర్చుందట, పిల్ల తిరిగొస్తే ఏ తలుపు తడుతుందని. ఇప్పుడు ఫ్లాటు తాళాలు తీసుకుని, సామాను దింపించి, పై అంతస్తువాళ్ళు నేల కడిగితే తమ బాల్కనీలో నీళ్ళు కారుతున్నాయని రోజూ వాళ్ళతో పోట్లాడుతోందని జుహూర్ చెప్పి మురిసింది. ఆవిడ అంత గట్టిగా అరిచి ఎన్నాళ్ళయిందో.

శీతాకాలం మొదట్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం మబ్రూకా ఫోను చేస్తే ఆతికాయే ఎత్తింది. తుగ్గుర్త్‌లో ఖర్జూరాలు ఎలా పండాయో అడిగింది, ఇక్కడి మార్కెట్లో ఉల్లిపాయలు బాగోలేవని తిట్టింది. తర్వాత మామూలు గొంతుతోనే అంది.

"తావుస్ వచ్చింది నిన్న. మన పాతింటికి తాళం వేసి ఉంది కదా. మంచు పట్టిన పొద్దుటిపూట ఎవరో తలుపు తడుతున్నారట. రెండుసార్లు వినబడిందట దానికి. భయపడిపోయి నాకు చెప్పడానికి బస్సెక్కి ఇంత దూరం వచ్చింది పాపం."

మబ్రూకా ఫోను ఒక చెవి నుంచి మరో చెవికి మార్చుకుంది. బయట ఎండ ఫెళఫెళ కాస్తోంది. అయినా శాలువ దగ్గరికి లాక్కుంది.

"మీరేమన్నారు పిన్నీ?"

"ఏమంటాను? భయమెందుకే, ఈసారి తడితే నీ తలుపు సందులోంచి మా కొత్త చిరునామా చెప్పెయ్ అన్నాను. బ్లాకు నంబరు కూడా రాసిచ్చాను, మర్చిపోతుందని. అదిగో, జుహూర్ వచ్చింది, దానితో మాట్లాడు. ఈ చలికాలం ఇటు రా అమ్మాయ్. ఇక్కడ లోయ లేదు, నీకు కాళ్ళు వణకవు."

"వస్తాను పిన్నీ," అంది మబ్రూకా.